కూకా ముంత

శనివారం మధ్యాహ్నం కూకా ఇంటి పెరట్లో తొట్టి నిండా ముంతలు మునిగి ఉన్నాయంటే, మర్నాడు ఆమె మొగుడి తోబుట్టువులు వస్తున్నారని అర్థం. వాళ్ళు రాని ఆదివారం నాకు గుర్తు లేదు. పెళ్ళిళ్ళు, చావులు, కొండ మీద కిత్తలి తోటలు తగలబడిన ఏడు, ఏవీ అడ్డం రాలేదు. మట్టి ముంతని రాత్రంతా నానబెట్టకపోతే పోసిన దాంట్లో సగం అదే తాగేస్తుంది, మిగిలింది మట్టి వాసన కొడుతుంది. అందుకని కూకా గోడకున్న మేకుల మీంచి ముంతల్ని ఒక్కొక్కటే దించి, దుమ్ము కడిగి, నీళ్ళలోకి వదిలేది. ఆ పని చేసేటప్పుడు ఆమె ముఖం చూసినవాళ్ళెవరూ రేపు ఈ ఇంట్లో సందడి అనుకోరు. రేపు శవం లేస్తుందనుకుంటారు.

ఆమె అసలు పేరు రెఫూహియో. ఆ పేరున్న ఆడవాళ్ళందరూ మా ఊరు అమతితాన్‌లో కూకాలే. రెఫూహియో అంటే ఆశ్రయమని అర్థం. పేరు పెట్టిన ఫాదర్ ఏ ముహూర్తాన పెట్టాడో గాని, వచ్చినవాళ్ళందరికీ ఆశ్రయమిచ్చి తనకి మాత్రం ఒక కుర్చీ కూడా లేకుండా చేసుకుంది ఈ మహాతల్లి. నా పేరు తొమాసా. వాళ్ళ వీధి మలుపులో సోడాలు, ఉప్పు, సబ్బులు అమ్మే కొట్టు నాది. పెళ్ళయి దూరం వెళ్ళిపోయిన కూకా కూతురికి జ్ఞానస్నానం నాడు తల్లి స్థానంలో నిలబడ్డాను కాబట్టి మేమిద్దరం కొమాద్రేలం. ఆ వరస అక్కచెల్లెళ్ళ కంటే గట్టిది. అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేయొచ్చు గాని కొమాద్రేలకి ఆ వెసులుబాటు లేదు.

పిల్ల వయసులో కూకా కిత్తలి సారా తీసే టెకీలా బట్టీలో పనికి కుదిరింది. సీసాలకి కాగితాలు అంటించే షెడ్డులో పొద్దుటినుంచీ సాయంత్రం దాకా నిలబడే పని. కాగితం పెట్టడం, బొటనవేలితో గట్టిగా రాయడం, సీసా తిప్పడం, మళ్ళీ కాగితం. లిబ్రాదోని చేసుకున్నాక కూడా అదే పని, ముసలితనం వచ్చి బట్టీవాళ్ళే పొమ్మనేదాకా. లిబ్రాదో తోటల్లో కిత్తలి గడ్డలు చెక్కేవాడు. గుండ్రటి పార లాంటి కోవా పట్టుకుని ఒక్కో వేటుకి ఒక్కో ఆకు ఎగరగొడుతుంటే, చూడటానికి జనం ఆగేవాళ్ళు. ఆదివారం నడిపొద్దు పూజ అయ్యాక ఆయన తమ్ముడు, అక్క, వాళ్ళ పిల్లలు ఈ ఇంటికి రావడం, ముంతల్లో పుల్లపుల్లగా టెకీలా కలుపుకుని తాగడం అప్పటి అలవాటే. మొదట్లో అత్తగారు ప్రాక్సెదిస్ కలిపేది. ఆవిడ పోయిననాడు ఏడుపులన్నీ అయ్యాక, నిమ్మచెక్కలు పిండే రెండు పిడుల ఇనప గరిటె తెచ్చి ఎవరో కూకా చేతిలో పెట్టారు. ఎవరు పెట్టారో ఇప్పుడు అడిగితే ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకుంటారు. కూకాని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ముంత కలపడంలో పెద్ద విద్యేం లేదని అందరూ అంటారు. కలపనివాళ్ళే అలా అంటారు. ముంత అంచుకి నిమ్మచెక్క రుద్ది, ఉప్పూ కారం కలిపిన పళ్ళెంలో బోర్లించి తిప్పాలి. లోపల ఐసు, చిటికెడు ఉప్పు. నిమ్మకాయలు పిండి, తర్వాత నారింజ, ఆ తర్వాత పంపరపనస. దాని మీద టెకీలా. పైన పంపరపనస సోడా, నురగ పొంగి అంచు మీది ఉప్పు కొట్టుకుపోకుండా వాలుగా పొయ్యాలి. చివర్లో మూడు పళ్ళ ముక్కలూ అందులో పడెయ్యాలి. ఇంతే. అయితే పెద్దాడపడుచు ఒబ్దూలియాకి ఒంట్లో నీరు పడుతుందని అంచుకి ఉప్పు వద్దు, కారం మాత్రం ఉండాలి. మరిది నబోర్‌కి రసాలు తక్కువ, టెకీలా ఎక్కువ. లిబ్రాదోకి పంపరపనస తొక్కతో సహా నలగాలి, ఆ చేదు లేకపోతే ఆయన తాగినట్టే లెక్క కాదు. పిల్లలకి టెకీలా లేకుండా, వాళ్ళ కోడళ్ళకి ఉన్నట్టూ లేనట్టూ. పైగా ఎవరూ ఒక ముంతతో ఆగరు. మా నిమ్మకాయలు బొటనవేలంత కాయలు, ఒక్కో ముంతకి గుప్పెడు పిండితేగాని రసం అందదు. నిమ్మరసం అంటిన చేతులకి ఎండ సోకితే తోలు కమిలి మచ్చలు పడుతుంది. కూకా చేతులు ఏడాది పొడుగునా అట్లానే ఉండేవి, మాడిన తోర్తీయా రొట్టెల్లా.

గోడ మీది ముంతల సంగతి కూడా చెప్పాలి. ఒక్కో ముంత మీదా ఒక్కో పేరు. త్లాకెపాకెలో కుమ్మరి దగ్గర రాయించినవి. ఒబ్దూలియా, నబోర్, లిబ్రాదో, కోడళ్ళు, అల్లుళ్ళు, ఎప్పుడో విడిపోయి వెళ్ళిపోయిన ఒక అల్లుడు కూడా. చచ్చిపోయిన ప్రాక్సెదిస్ ముంత అన్నిటికంటే పైన, ఎండుపూల దండతో. కూకా ముంత లేదు. చేయించకూడదని ఎవరూ అనుకోలేదు. చేయించాలని కూడా ఎవరూ అనుకోలేదు. ఆమె అందరికీ పోశాక సీసాల్లో, రసం గిన్నెలో అడుగున ఏమైనా మిగిలితే కాఫీ కప్పులో వంపుకుని, గిన్నెలు తోముకునే చోట నిలబడి రెండు గుక్కలు తాగేది.

పెరట్లోంచి పిలుపులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి.

"కూకా! ఎంతసేపే ఆ వంటింట్లో? వచ్చి కూర్చో!" అని ఒబ్దూలియా.

"అవోరీతా!" అని లోపలినుంచి కూకా.

అవోరీతా అంటే ఇప్పుడే అని. మా వాళ్ళు ఇప్పుడే అన్న మాటకి ఒక ముద్దు తోక తగిలించి, ఇదిగో ఇప్పటికిప్పుడే అన్నట్టు పలుకుతారు. తీరా చూస్తే అది ఇంకాసేపట్లో, సాయంత్రానికి, వచ్చే వారం, ఈ జన్మలో కాదు, అన్నిటికీ సరిపోయే మాట. కుళాయి బాగుచేసేవాడు అవోరీతా అన్నాడంటే నేను ఇంట్లో ఉన్న బకెట్లన్నీ నింపుకుంటాను. కూకా అన్నేళ్ళూ ఆదివారం ఆదివారం అదే మాట అంది. పిలిచినవాళ్ళకీ తెలుసు ఆమె రాదని. రావాలని పిలిచేవాళ్ళయితే లేచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాళ్ళుగా!

ఇంతలో లిబ్రాదో తుంటి విరిగింది. తోటలో గడ్డ ఎత్తుకుని వస్తూ వాగుగట్టు మీంచి జారాడు. అతుకు పడింది గాని పని పోయింది. అప్పట్నుంచీ వారమంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని, కొండ మీది కిత్తలి మొక్కల నీలపు వరసల్ని చూస్తూ కూర్చుంటాడు. పలకరిస్తే ఊ అంటాడు, లేకపోతే అదీ లేదు. స్నానం చెయ్యమని కూకా బతిమాలాలి. ఆదివారం మాత్రం చీకటితోనే లేచి గడ్డం గీసుకుంటాడు. తెల్ల చొక్కా, టోపీ. తోబుట్టువులు వచ్చి చుట్టూ కూర్చున్నారంటే, పాత తోటల కబుర్లు, పాత పందేలు, ఎవడి కోవా ఎవడు దొంగిలించాడో ఆ తగువులు, గొంతు ఖంగుమంటుంది. ఆ ఒక్కపూటకే ఆ మనిషి బతికి ఉన్నాడు. అది నాకంటే కూకాకి బాగా తెలుసు. ఆమెని కట్టిపడేసింది అదే.

కూకా కుడిచేతి వేళ్ళకి తిమ్మిర్లు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసింది, నా కొట్లో సోడా సీసా అందుకుంటూ వదిలేసినప్పుడు. గాజు పెంకులు ఏరుతూ, "తడి చెయ్యి కొమాద్రే, జారింది" అంది. చెయ్యి పొడిగా ఉంది. పట్టుకుని చూస్తే బొటనవేలి కింద ఉండాల్సిన మెత్తటి కండ లేదు. గుంట పడి ఉంది. కొట్టు మూసి, పద అన్నాను. అవోరీతా అంది. నేను ఆమె చెయ్యి వదల్లేదు.

ఆస్పత్రిలో చిన్నపిల్లలా ఉన్న డాక్టరమ్మ చూసింది.

"చేత్తో ఏం పని చేస్తారమ్మా?"

"ఏముందమ్మా, ఇంట్లోనే ఉంటాను."

"ఇంట్లోనే ఉంటుందట!" అని నేను అందుకున్నాను. "ఆదివారం వచ్చిందంటే ఒక తోటని పిండి పోస్తుంది డాక్టరమ్మా! తాగేవాళ్ళు అందరూ, పిండేది ఇదొక్కతే!"

డాక్టరమ్మ నవ్వలేదు. కూకా మణికట్టు మీద వేలితో తట్టింది. కూకా ఉలిక్కిపడింది.

"ఇక్కడ నరం నలిగిపోతోంది. ఎన్నేళ్ళనుంచో నలుగుతోంది. ముందు పిండడం, మెలితిప్పడం ఆపెయ్యాలి. చేతికి కట్టు ఇస్తాను. తగ్గకపోతే ఆపరేషన్. ఇప్పుడు కూడా ఆపకుండా లాగించారనుకోండి, రేపు ఆపరేషన్ చేసినా ఈ వేలు పట్టుకి రాదు."

"నిమ్మకాయలు కూడానా?" అంది కూకా.

"ముందు ఆపాల్సింది అవే."

తిరిగొస్తూ గుడి ముందు బల్ల మీద కూర్చున్నాం. బట్టీల్లో ఉడుకుతున్న కిత్తలి వాసన ఊరంతా తియ్యగా పట్టేసి ఉంది. ఆ వాసనకి కూకాకి ఎప్పుడూ తలనొప్పే. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్ని వేరేవాళ్ళ పిల్లని చూసినట్టు చూసింది.

"నేను పిండకపోతే వాళ్ళు రారు తొమాసా. వాళ్ళు రాకపోతే ఆయన గడ్డం గీసుకోడు."

"అయితే నీ వేలు పోయినా పరవాలేదన్నమాట!"

"అలిసిపోయాను కొమాద్రే" అంది. నాకేసి చూడకుండా అంది. "ఆదివారమంటే భయమేస్తోంది. ఒక్క ఆదివారం వర్షం పడి వంతెన కొట్టుకుపోతే బాగుండునని దేవుడికి మొక్కాను. పాపం కదూ?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. "వాళ్ళకి చెప్పు. చెయ్యి పడిపోతోందని చెప్పు. నోరుందిగా!" అన్నాను.

"చెప్తాలే."

"ఎప్పుడు?"

"అవోరీతా" అంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వులో కూడా ఓపిక లేదు.

ఆ ఆదివారం చెప్పలేదు. తెలివితేటలు చూపించి, నా కొట్లోంచి సీసాలో అమ్మే నిమ్మరసం పట్టుకెళ్ళి దాంతో కలిపింది. నేను సోడాల పెట్టె దించుతూ అక్కడే ఉన్నాను. ఒబ్దూలియా ఒక గుక్క తాగి ముక్కు చిట్లించింది.

"ఇదేంటే కూకా, నేల తుడిచే మందు పోశావా?"

"మా వదిన ఈమధ్య మమ్మల్ని కూడా తుడిచి ఎండేద్దామనుకుంటోంది" అన్నాడు నబోర్. అందరూ నవ్వారు. నవ్వుతూనే తాగేశారు కూడా. లిబ్రాదో మాత్రం ముంతని పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత కబుర్లలో కూడా ఎక్కువ కలవలేదు. కూకా చూసింది. వాళ్ళ వెక్కిరింతలకి కాదు, ఆ పక్కన పెట్టిన ముంతకి ఆమె ముఖం పాలిపోయింది.

పై ఆదివారం మళ్ళీ నిమ్మకాయలు కోసింది. ఈసారి కట్టుతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

"నా చెయ్యి బాగాలేదు. డాక్టరమ్మ పిండొద్దంది. ఎవరైనా వచ్చి ఈ చెక్కలు పిండి పెడతారా?"

"అయ్యయ్యో, ఏమైందే చేతికి?" అంది ఒబ్దూలియా. "అవోరీతా వస్తున్నా, ఈ మాట పూర్తి చెయ్యనీ."

"నేనొస్తా వదినా, అవోరీతా" అన్నాడు నబోర్, కళ్ళు టీవీలో బంతి మీంచి తియ్యకుండా.

కోడళ్ళు కూడా అదే పాట. ఒకళ్ళు పిల్లకి పాలు పట్టాలి, ఒకళ్ళు ఫోన్లో ఉన్నారు. లిబ్రాదో అటు తిరిగి ఏదో పాత పందెం కథ చెబుతున్నాడు, విన్నాడో లేదో తెలియదు. కూకా లోపలికి వెళ్ళి, నిమ్మచెక్క ఒకటి చేతిలో పట్టుకుని నిలబడింది. నిజంగా ఎవరో వస్తారన్నట్టు గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలా ఇవ్వు, నేను పిండుతాను అన్నాను.

"ఈ వారం నువ్వు. వచ్చే వారం?" అంది. "కొట్టు తెరిచి వచ్చావు. వెళ్ళు."

గరిటె పిడుల్ని బల్ల అంచుకి ఆనించి, మోచేత్తో ఒత్తుతూ పిండింది. ఒక్కో చెక్కకీ పళ్ళు బిగించింది. బయటినుంచి పిలుపులు మామూలే, కూకా రావే కూర్చో అని.

సోమవారం పొద్దున్నే నా కొట్టుకి వచ్చింది. స్వెట్టరు ఒక చేత్తో గుండె మీద దగ్గరికి పట్టుకుని ఉంది. కొనడానికేమో అనుకున్నాను. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, "నాకు గుండీలు పెట్టు కొమాద్రే" అంది. "ఆయన్ని అడిగితే భయపడతాడు."

పెట్టాను. ఒక్కో గుండీ పెడుతుంటే ఇది ఎవరి చెయ్యో, ఏ పనికి అరిగిపోయిందో అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. లిబ్రాదోని, వాళ్ళ అక్కని, వాళ్ళ తమ్ముణ్ణి, పోయిన ఆ ప్రాక్సెదిస్‌ని కూడా కలిపి తిట్టాను. కూకా అన్నీ విని, "మెడ దగ్గరది కూడా పెట్టు, చలిగా ఉంది" అంది.

ఆ శనివారం నేను సోడాలు ఇవ్వడానికి వెళ్తే తొట్టిలో ముంతలు మునిగి ఉన్నాయి. అలవాటుగా చూశాను. వాటి మధ్య ఒక కొత్త ముంత. ఎర్రగా, పేరు లేకుండా, సంత మట్టి ఇంకా వదలని ముంత. పాత ముంతలు కదలకుండా కూర్చున్నాయి. ఇది మాత్రం నీళ్ళు పీలుస్తూ బుడగలు వదులుతోంది.

"ఎవరే చుట్టం?" అన్నాను.

"ఉన్నారు ఒకళ్ళు" అంది కూకా. ఎడం చేత్తో ఆ ముంతని ఇంకొంచెం లోతుకి నొక్కింది.

ఆదివారం నేను కొట్టు మూసేశాను. గిరాకీ పోతే పోయిందనుకున్నాను. పూజ అయ్యాక అందరూ వచ్చారు. వంటింట్లో ఉండాల్సినవన్నీ పెరట్లో పెద్ద బల్ల మీద ఉన్నాయి. కోసిన నిమ్మచెక్కలు గుట్టగా, నారింజలు, పంపరపనసలు, ఉప్పూకారం పళ్ళెం, ఐసు డబ్బా, టెకీలా, సోడాలు, నానిన ముంతలు. వాటన్నిటి మధ్య ఆ రెండు పిడుల గరిటె. కూకా నిమ్మచెట్టు నీడన కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒక పక్క, ఒళ్ళో కొత్త ముంత, ఖాళీగా. కుర్చీలో ఆమె ఇంత చిన్నగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

అందరూ కూర్చున్నారు. ఎండ గురించి, ఫాదర్ సాగదీసిన ప్రసంగం గురించి మాట్లాడారు. కాసేపటికి మాటలు పల్చబడ్డాయి.

"కూకా, గొంతు ఎండిపోతోందే" అంది ఒబ్దూలియా.

"అవోరీతా" అంది కూకా. కదల్లేదు.

మళ్ళీ కబుర్లు. నబోర్ ఐసు ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. ముంతలు తడి ఆరడం మొదలుపెట్టాయి.

"వదినా, వంటింట్లో ఏమైనా మర్చిపోయావా?"

"అవోరీతా నబోర్, అవోరీతా."

అప్పుడు తెలిసింది వాళ్ళకి. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. లిబ్రాదో టోపీ వెనక్కి తోసి పెళ్ళాం ఒళ్ళోకి చూశాడు.

"ఆ ముంత ఎవరిది ముసలీ?"

"నాది."

"నీది గోడ మీద ఉండాలిగా?"

"ఎక్కడుందో చూపించు ముసలాయనా."

లిబ్రాదో గోడ వైపు తిరిగాడు. ముంతలన్నీ బల్ల మీద ఉన్నాయి, మేకులు ఖాళీ. పైన పూలదండతో వాళ్ళమ్మ ముంత ఒక్కటే ఉంది. బల్ల దగ్గరికి చూపు తిప్పి, ఒక్కో పేరూ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు. ఎప్పుడో వెళ్ళిపోయిన అల్లుడి పేరు దగ్గర ఆగిపోయాడు.

"ముంత కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా" అంది ఒబ్దూలియా. "మేమే చేయించి ఇచ్చేవాళ్ళం!"

"ముంత నేను కొనుక్కున్నాను వదినా" అంది కూకా. "పోసేవాళ్ళు లేరు."

ఒబ్దూలియా ముఖం కందగడ్డయింది. చేతిసంచీ అందుకుని లేచింది. "అలాగా! అయితే మేం వెళ్తాం. ఒకళ్ళకి బరువవ్వాలని రాలేదు మేము." నబోర్ కూడా మెల్లగా టోపీ తీసుకున్నాడు. నేను లిబ్రాదోని చూశాను. నున్నగా గీసిన గడ్డం, చుబుకం మీద చిన్న గాటు. ఆ ముఖంలో వెలుగు ఆరిపోవడం నా కళ్ళతో చూశాను. కూకా కూడా చూసింది. ఆమె ఎడం చెయ్యి కుర్చీ పిడి మీదికి వెళ్ళింది. లేస్తోంది. అయిపోయింది అనుకున్నాను. ఈ మనిషి ఇంక చచ్చేదాకా పిండుతూనే ఉంటుంది అనుకున్నాను.

లిబ్రాదో చేతికర్రతో నేల మీద ఒక్కటి కొట్టాడు.

"కూర్చో!"

ఎవర్ని అన్నాడో తెలియక అందరూ కూర్చున్నారు. ఒబ్దూలియా సంచీతో సహా కూర్చుంది. ఏ పాపమూ ఎరగని నేను కూడా కూర్చున్నాను.

ఆయన కర్ర ఊతంతో లేచి, కూకా ఒళ్ళోని కొత్త ముంత తీసుకుని, తుంటి ఈడ్చుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. గరిటె అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊళ్ళో పేరు మోసిన కోవా చెయ్యి అది. నిమ్మచెక్కని తప్పుగా, కోసిన వైపు పైకి పెట్టి, కిత్తలి మీద వేటు వేసినంత బలంగా నొక్కాడు. రసం అంతా ఎగిరి ఒబ్దూలియా కళ్ళద్దాల మీద పడింది. నబోర్ పగలబడి నవ్వాడు. రెండో చెక్క కూడా అలాగే పెట్టాడు, అది నబోర్ తెల్లచొక్కా మీద పడింది. అప్పుడు ఒబ్దూలియా నవ్వింది. లిబ్రాదో నవ్వలేదు. చెక్క తర్వాత చెక్క పిండుతూనే ఉన్నాడు, పడినంత ముంతలో పడింది. నారింజ, పంపరపనస చేత్తోనే పిసికాడు. ఉప్పు చిటికెడు అనుకుని ఆయన వేసింది ఆయన చిటికెడు. టెకీలా పోసి, సోడా నిటారుగా వంపేసరికి నురగ పొంగి సగం బల్ల పాలయింది. అంచుకి ఉప్పూకారం అద్దాలని అప్పుడు గుర్తొచ్చి, వేళ్ళతో కాస్త పైన చల్లాడు. ఆ ముంత తీసుకెళ్ళి కూకా రెండు చేతుల మధ్య పెట్టాడు.

కూకా ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"ఎలా ఉంది ముసలీ?"

"ఉప్పు కషాయం" అంది.

"పారబోసి ఇంకోటి కలపనా?"

"వద్దు. ఉండనీ." ఇంకో గుక్క తాగి కళ్ళు మూసుకుంది. "మొదటిసారి కూర్చుని తాగుతున్నా."

లిబ్రాదో ఒక కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూలబడ్డాడు. గరిటె బల్ల మీదే ఉంది.

"మరి మాకో అన్నా?" అన్నాడు నబోర్, తన ముంత ఎత్తి చూపిస్తూ.

"అవోరీతా" అన్నాడు లిబ్రాదో.

చాలాసేపు ఎవరూ లేవలేదు. చివరికి ఒబ్దూలియా గొణుక్కుంటూ, కళ్ళద్దాలు శాలువా అంచుకి తుడుచుకుని, చేతులు పైకి మడిచి బల్ల దగ్గరికి వచ్చింది. గరిటె పట్టుకుని, నిమ్మచెక్కని ఎగాదిగా చూసింది.

"కూకా, ఇది ఎటు పెట్టాలే? బోర్లానా, వెల్లకిలానా?"

కూకా తల ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, కొంచెం తెరుచుకున్న నోట్లోంచి సన్నటి గురక వస్తోంది. పట్టుతప్పిన వేళ్ళలోంచి ముంత జారుతుంటే లిబ్రాదో కింద చెయ్యి పెట్టి ఆపాడు. ఆమెని కదపకుండా, ముంతని కదపకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"నెమ్మదిగా మాట్లాడక్కా" అన్నాడు.

ఒబ్దూలియా చెక్కని రెండు వైపులా పెట్టి చూసుకుంది.